మూసిన తలుపు వెనక పిల్లి హక్కు

ఇటీవలి సంవత్సరాలలో మన కుటుంబాలలో పిల్లిని పెంచుకునే అలవాటు బాగా పెరిగింది. పెంకుటిళ్లు, వాకిళ్లు, ప్రహరీ గోడలు ఉన్న రోజుల్లో పిల్లి ఏ ఒక్క ఇంటికీ సొంతం కాదు. పగలు ఒకరి అరుగు మీద నిద్రపోయేది, రాత్రి మరొకరి ధాన్యపు గదిలో ఎలుకలు పట్టేది. ఇప్పుడు హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, కర్నూలులోనైనా మనలో చాలామందిమి రెండు గదుల ఇంటికో, మూడో అంతస్తులోని ఫ్లాటుకో మారిపోయాం. పిల్లిని కూడా మనతోపాటే లోపలికి తెచ్చుకుని తలుపు మూశాం.

ఆ తర్వాత ఫిర్యాదులు మొదలవుతాయి. మా దగ్గర చదువుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ మాటలు తరచూ అంటుంటారు. "మౌల్వీ సాహెబ్, మా బిల్లీ తెల్లవారకముందే లేచి అరుస్తుంది, ఎవరినీ నిద్రపోనివ్వదు" అని ఒకరు. "కొత్త సోఫా మొత్తం గీరేసింది" అని ఇంకొకరు. "పరుపు మీద మూత్రం పోసింది, ఇల్లంతా నాపాక్ చేస్తోంది" అని మరొకరు. ఇలా కొన్నాళ్లు విసుక్కుని, చివరకు ఒకరోజు దాన్ని సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలి వచ్చేవారూ ఉన్నారు. ఇంటి తిండికి అలవాటుపడిన ఆ జీవి కుక్కల మధ్య, బండ్ల మధ్య ఎన్నాళ్లు బతుకుతుంది?

ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పిల్లి చెడ్డతనం కాదని మా అభిప్రాయం. చేయడానికి పనేమీ లేని జీవి ఏం చేస్తుందో అదే అది చేస్తోంది. తలుపు మూసిన మనం, ఆ తలుపు అవతల దానికి దొరికేవన్నీ లోపల సమకూర్చే బాధ్యతను కూడా తలకెత్తుకున్నామనే సంగతి మరచిపోతున్నాం.

ఆ స్త్రీ చేసిన తప్పు ఏమిటి?

ఒక పిల్లి కారణంగా నరకం పాలైన స్త్రీ గురించిన హదీసు మనలో చాలామందికి తెలుసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. దాన్ని మనం సాధారణంగా ఆకలి గురించిన హదీసుగానే చెప్పుకుంటాం. కాని దాని సారాంశాన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. ఆమె పిల్లిని బంధించింది. బంధించి తిండీ నీళ్లూ ఇవ్వలేదు. పోనీ, నేలమీద తిరిగే పురుగూ పుట్రా ఏరుకుని తినడానికి దాన్ని వదలనూ లేదు. దైవప్రవక్త (స) ఈ రెండు విషయాలనూ విడివిడిగా పేర్కొన్నారు. వదిలిపెట్టి ఉంటే దాని బతుకు అది చూసుకునేది. బంధించింది గనుక దాని బతుకు ఆమె మెడకు చుట్టుకుంది. అంటే బంధించడంతోనే బాధ్యత మొదలవుతుందన్న మాట.

మరో హదీసు ఉంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారికి ఆయన కోడలు కబ్షా వజూ కోసం నీళ్లు పోస్తుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన దాన్ని తోలలేదు. అది తాగడానికి వీలుగా పాత్రను వంచారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అపవిత్రం కాదనీ, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటనీ ప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు వినిపించారు. అబూ దావూద్, తిర్మిజీ తదితర గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. తిరుగాడేవి అనడానికి అరబీలో వచ్చిన పదం 'తవ్వాఫీన్'. కాబా చుట్టూ చేసే తవాఫ్‌కు, ఈ పదానికి మూలధాతువు ఒక్కటే. పిల్లి పరిచయమే తిరుగుడుతో జరిగింది. అలాంటి జీవిని స్నానాల గదిలోనో, బాల్కనీలోని ఇనుప పంజరంలోనో పడేసి పూటకు రెండు ముద్దలు పెడితే మన బాధ్యత తీరిపోయిందని అనుకోగలమా?

దేశ చట్టం కూడా ఈ విషయం చెప్పింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, కదలడానికి తగినంత చోటులేని పంజరంలో జంతువును ఉంచడం నేరం.

అయితే తలుపు తెరిచి పంపేద్దామా?

కొందరు అలాగే అంటారు. "పిల్లిని బయటికి వదిలేయండి, అదే తిరిగి వస్తుంది" అని. పల్లెలో ఇది సరిపోవచ్చు. పట్నంలో వీధికుక్కలున్నాయి, వేగంగా వచ్చే ఆటోలున్నాయి, ఎలుకల మందు తిన్న ఎలుకలున్నాయి, పక్కింటివారితో తగువులున్నాయి. పిల్లిని ఇంట్లో ఉంచుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. చాలా ఇళ్లకు అదే క్షేమం. కాని క్షేమం కోసం బయటి లోకాన్ని దూరం చేసినప్పుడు, ఆ లోకంలో కొంత భాగాన్ని ఇంట్లోకి తేవలసి ఉంటుంది. దీనికి డబ్బు పెద్దగా అక్కరలేదు. పిల్లి స్వభావం తెలియాలి, రోజూ కొంత సమయం కేటాయించాలి.

ముందుగా దాని స్వభావం

పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవి పిల్లి నుంచి మన ఇంటి పిల్లి వచ్చింది. మనిషి గోధుమ, బార్లీ పండించి నిల్వచేయడం మొదలుపెట్టాక ఆ గాదెలకు ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్లనాటి సమాధిలో ఒక మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిన సంగతి 2004లో వెల్లడైంది. అంత పాత స్నేహమైనా పిల్లి తన వేటను మరువలేదు. ఎలుక, పిట్ట, బల్లి, మిడత వంటి చిన్న చిన్న జీవులను పట్టి రోజుకు పది ఇరవై సార్లు కొద్దికొద్దిగా తినడం దాని సహజమైన పద్ధతి. రోజులో 12 నుంచి 16 గంటల వరకు నిద్రపోతుంది. కాని తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అది చురుగ్గా ఉంటుంది. అవి వేట వేళలు. మనకు అవే ఫజ్ర్, మగ్రిబ్ వేళలు.

చూశారా, తెల్లవారకముందే అరిచే పిల్లి మీద ఫిర్యాదుకు సగం జవాబు ఇక్కడే ఉంది. మనం ఎలాగూ లేవవలసిన వేళకే అది లేస్తోంది. ఫజ్ర్ నమాజు తర్వాత పది నిమిషాలు, మగ్రిబ్ తర్వాత పది నిమిషాలు, పడుకోబోయే ముందు మరో పది నిమిషాలు దానితో ఆడించి, ఆ వెంటనే తిండి పెట్టండి. వేటాడటం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్రపోవడం అనే వరస దానికి సహజం. ఆ వరస దొరికితే రాత్రి పూట అరుపులు చాలావరకు తగ్గుతాయి. అరిచినప్పుడల్లా లేచి తిండి పెడితే మాత్రం అరిస్తే తిండి వస్తుందని అది నేర్చుకుంటుంది.

చిన్న ఇల్లు, ఎత్తయిన ఇల్లు

"మనుషులకే చోటు లేదు, పిల్లికి ఎక్కడిది?" అని అడిగేవారికి మా సమాధానం ఇది. మనం ఇంటిని గజాల్లో కొలుస్తాం. పిల్లి ఎత్తులో కూడా కొలుస్తుంది. మన కాళ్లకు పనికిరాని గోడంతా దానికి పనికివస్తుంది. హజ్రత్ అబూ హురైరా (రజి) గారికి ఆ పేరు ఎలా వచ్చిందో తిర్మిజీలో ఉంది. ఇంటివారి మేకలను కాచే రోజుల్లో ఆయన దగ్గర ఒక చిన్న పిల్లి ఉండేదట. రాత్రి దాన్ని చెట్టు మీద ఉంచేవారట, పగలు వెంట తీసుకెళ్లి దానితో ఆడుకునేవారట. రాత్రికి ఎత్తయిన, భద్రమైన చోటు. పగలు ఆట, తోడు. నేటి పశువైద్యులు చెప్పే మాటల్లో ముఖ్యమైనవి ఈ చిన్న ఉదంతంలోనే ఉన్నాయి. ప్రవక్త (స) నిద్రపోతున్న పిల్లి కోసం చొక్కా చేయి కత్తిరించారనే కథ ప్రచారంలో ఉంది గాని, హదీసు గ్రంథాలలో దానికి ఆధారం కనిపించదు. ఆధారమున్న ఉదంతాలే మనకు చాలు.

కాబట్టి బీరువా మీద పాత దుప్పటి ఒకటి మడతపెట్టి వేయండి. అక్కడికి చేరడానికి మెట్టులాగా ట్రంకు పెట్టె, దాని మీద స్టూలు అమర్చండి. గోడకు గట్టి బల్లచెక్క ఒకటి రెండు బిగిస్తే మరీ మంచిది. కిటికీ దగ్గర కూర్చునే చోటు తప్పనిసరిగా ఉండాలి. పిట్టలు, ఉడుతలు, వీధిలో వచ్చేపోయేవాళ్లు దానికి గంటల తరబడి కాలక్షేపం. అయితే కిటికీ ఊచల సందులోంచి పిల్లి సులువుగా దూరుతుంది. పై అంతస్తుల నుంచి పడి కాళ్లు, దవడ విరగ్గొట్టుకునే పిల్లులు ఉన్నాయి. కనుక కిటికీకి, బాల్కనీకి గట్టి వల బిగించాకే అక్కడ చోటు ఇవ్వాలి.

ఎత్తుతోపాటు దాక్కునే చోటు కూడా కావాలి. అట్టపెట్టె ఒకటి పక్కకు తిప్పి మంచం కింద పెడితే చాలు. పండుగకు బంధువులు వచ్చినప్పుడు, బరాత్ డప్పులు మోగినప్పుడు, దీపావళి టపాసులు పేలినప్పుడు పిల్లి అందులోకి వెళ్తుంది. అక్కడున్నప్పుడు దాన్ని లాగకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

వేటలాంటి ఆట

ఒక చీపురు పుల్లకు గుడ్డపీలికో, కోడి ఈకో కట్టండి. అది పిల్లి ముఖం మీద ఊపకండి. ఎలుక పిల్లికి ఎదురు రాదు, పారిపోతుంది. పరదా వెనకకు, తలుపు చాటుకు, మంచం కాలి పక్కకు జరుపుతూ, ఆపుతూ, మళ్లీ జరుపుతూ ఆడించండి. పిల్లి నక్కి చూడటం కూడా ఆటలో భాగమే. చివరకు దాన్ని తప్పకుండా పట్టుకోనివ్వండి. పట్టడానికి ఏమీ లేని ఎర్ర లేజరు వెలుగు వెంట గంటసేపు పరిగెత్తిస్తే దానికి తృప్తి బదులు చిరాకు మిగులుతుంది. అలాగే మన చేతి వేళ్లను ఆటబొమ్మలుగా చేయకూడదు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉన్న కొరుకుడు పెద్దయ్యాక గాయమవుతుంది.

ఆట అయ్యాక పుల్లను, దారాన్ని బీరువాలో దాచేయాలి. దారం, రిబ్బను, కుట్టుమిషన్ దగ్గరి సూదీదారం మింగితే పేగులు చుట్టుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. బొమ్మలన్నీ ఒకేసారి నేలమీద పరచకుండా రోజుకొకటి మార్చండి. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చిన పాత బొమ్మ పిల్లికి కొత్తదే.

తిండి కూడా గిన్నెలో కుప్పగా పోయకుండా కొంత వెతికించండి. ఖాళీ గుడ్ల అట్టలో గుంటకొక పలుకు పెట్టండి. కాగితపు ఉండలో నాలుగు పలుకులు చుట్టి ఇవ్వండి. కొంచెం బీరువా మీద, కొంచెం కిటికీ దగ్గర ఉంచండి. వాసన పట్టి, పంజాతో గీరి, కష్టపడి తినడంలోనే దాని తెలివికి పని దొరుకుతుంది.

గోళ్లు, ఇసుక, వాసన

గీరడం పిల్లికి అవసరం. పాత గోటి పొర రాలడానికి, ఒళ్లు సాగదీయడానికి, ఇది నా చోటు అని గుర్తు పెట్టడానికి అది గీరుతుంది. కొట్టినా మానదు, మన కళ్లెదుట మాని చాటున గీరుతుంది. దాని నిలువుకంటే ఎత్తున్న కొయ్యకు కొబ్బరి తాడు బిగుతుగా చుట్టి, అది ఇప్పుడు గీరుతున్న సోఫా పక్కనే కదలకుండా నిలబెట్టండి. నేలమీద గీరే పిల్లికైతే గోనెపట్టా చాలు.

మూత్రం సంగతికి వస్తే, వెడల్పయిన తొట్టిలో ఇసుక పోసి, తిండికి దూరంగా, సందడి లేని మూలన పెట్టండి. ఒక్కో పిల్లికి ఒక్కో తొట్టి చొప్పున, వాటిపైన ఇంకొకటి ఉండటం మంచిదని వైద్యులు చెబుతారు. రోజూ శుభ్రం చేయాలి. మురికి తొట్టిని పిల్లి కూడా అసహ్యించుకుంటుంది, పరుపును ఎంచుకుంటుంది. గర్భిణులు ఈ పని చేయకూడదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో ఉండవచ్చు. విసర్జించిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది గనుక రోజువారీ శుభ్రతే రక్షణ. పిల్లి, ముఖ్యంగా మగపిల్లి, పదేపదే తొట్టిలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే అది అల్లరి కాదు, ప్రాణాపాయం. అదే రోజు పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి.

పిల్లి తన బుగ్గలను తలుపు అంచులకు, మన కాళ్లకు రాయడం ద్వారా ఇంటిని తన వాసనతో గుర్తుపడుతుంది. రోజూ ఇల్లంతా ఘాటైన ఫినాయిల్‌తో కడిగితే ఆ గుర్తులు పోతాయి. అంతేకాదు, ఫినాల్ రకం మందులు పిల్లి ఒంటికి విషం. కాలికి అంటినదాన్ని అది నాకుతుంది. సబ్బునీళ్లు చాలు.

పాలన్నం చాలదు

మన ఇళ్లలో పిల్లికి పాలు, పెరుగన్నం పెట్టడం పుణ్యంగా భావిస్తారు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. మాంసం, చేపల్లో దొరికే టారిన్ అనే పదార్థం చాలకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప పెట్టవచ్చు. కాని అదొక్కటే ఏళ్ల తరబడి సరిపోదు. పిల్లుల కోసం తయారైన సమతుల ఆహారం కొంతైనా ఉండాలి. బక్రీదునాడు పచ్చిమాంసం, ఉడికిన ఎముకలు వేయకండి. ఉల్లి, వెల్లుల్లి కలిసిన సాలన్ వద్దు. మనుషుల పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు దాన్ని చంపడానికి. లిల్లీ పూలు, మనీప్లాంటు, కలరా ఉండలు కూడా దానికి అందకూడదు. నీళ్ల గిన్నెను తిండికి కాస్త దూరంగా పెడితే ఎక్కువ తాగుతుంది.

రేబిస్ టీకా ఇంట్లో ఉండే పిల్లికి కూడా వేయించాలి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. సంతాన నిరోధక శస్త్రచికిత్స వల్ల బయటికి పరుగెత్తాలనే ఆరాటం, గోడల మీద మూత్రం చిమ్మడం తగ్గుతాయి. ప్రయోజనం ఉన్నప్పుడు జంతువుల విషయంలో దీనికి హనఫీ ఫిఖ్‌హ్‌లో అనుమతి కనిపిస్తుంది. సందేహమున్నవారు తమ ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు.

పిల్లలకు ఇదొక తర్బియత్

2013లో అమెరికా, బ్రిటన్ కేంద్రాలుగా ఉన్న రెండు పిల్లివైద్య సంఘాలు కలిసి పిల్లి అవసరాలపై మార్గదర్శకాలు వెలువరించాయి. భద్రమైన చోటు, విడివిడిగా తిండి-నీరు-తొట్టి, వేటలాంటి ఆట, నమ్మదగిన మనుషుల స్పర్శ, దాని వాసన ప్రపంచాన్ని గౌరవించడం - ఈ ఐదింటినీ అవి మూలస్తంభాలుగా పేర్కొన్నాయి. వీటిలో కొనవలసినవి తక్కువ, నేర్చుకోవలసినవి ఎక్కువ. ఆ నేర్చుకోవడంలో ఇంటి పిల్లలకు గొప్ప శిక్షణ ఉంది. ఫజ్ర్ తర్వాత ఆడించే వంతు అన్నయ్యకు, నీళ్లు మార్చే వంతు చెల్లెలికి అప్పగించండి. పిల్లి తానుగా దగ్గరకు వచ్చేవరకు ఆగమని, తోక ఝాడిస్తే వదిలేయమని నేర్పండి. నోరులేని జీవి ఇష్టాన్ని, అయిష్టాన్ని కనిపెట్టడం నేర్చిన బిడ్డ రేపు మంచం పట్టిన దాదీ మనసును కూడా కనిపెడుతుంది.

ఇక పర్షియన్ పిల్లుల మోజు గురించి ఒక మాట. చప్పిడి ముఖం వల్ల వాటిలో కొన్నింటికి శ్వాస ఇబ్బంది ఉంటుంది. జుట్టు రోజూ దువ్వాలి, మన ఎండలు వాటికి కష్టం. గొప్ప కోసం వేలు పోసి కొని పంజరంలో పెట్టేకంటే, వీధిలో వానకు తడుస్తున్న ఒక నాటు పిల్లిపిల్లను చేరదీయడం మేలు. ఇంట్లో ఎవరూ ఉండరు గనుక తోడుగా రెండోదాన్ని తేవాలనుకునేవారు కూడా ఆగి ఆలోచించండి. కొత్త పిల్లిని పాత పిల్లి శత్రువుగా చూడవచ్చు. తెస్తే వేరే గదిలో ఉంచి, ముందు వాసన, తర్వాత చూపు, ఆ తర్వాత కలయిక - ఇలా రోజుల తరబడి అలవాటు చేయాలి.

పిల్లి పదిహేనేళ్లు, కొన్నిసార్లు ఇరవై ఏళ్లు బతుకుతుంది. రోజుకు అరగంట దానికి ఇవ్వగలమా అని తలుపు మూయకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇవ్వలేమనుకుంటే తేకపోవడమే న్యాయం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇంటి ముందు ఒక గిన్నెడు నీళ్లు పెట్టినా పుణ్యమే. ఇప్పటికే తెచ్చినవారు మాత్రం ఈ సాయంత్రమే బీరువా మీది సామాను కాస్త జరిపి దానికి చోటు ఇవ్వండి.

మన ఇల్లే లోకంగా బతుకుతున్న ఆ నోరులేని ప్రాణి విషయంలో అల్లాహ్ ఎదుట తలదించుకోవలసిన పరిస్థితి మనలో ఎవరికీ రాకుండుగాక. ఆమీన్.